బడి మూసిన రోజుల్లో చరిత్ర పాఠం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి ఇవ్వవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు, ఘంటసాల స్తూపం గురించో బందరు రేవు గురించో రాద్దామనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక మనస్సు మరోవైపు మళ్ళింది. ఆ సంగతులు నేను ఎక్కడ నేర్చుకున్నాను అని ఆలోచిస్తే, బడిలో కాదు, బడి మూసి ఉన్న రోజుల్లో అని జ్ఞాపకం వచ్చింది.

నా జీవితంలో నెలల తరబడి బడులు మూతపడటం రెండుసార్లు చూశాను. మొదటిసారి 1972-73లో. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. రెండోసారి 2020-21లో. అప్పుడు మా మనవరాలు ఏడో తరగతి. రెండుసార్లూ చరిత్ర పాఠం పామర్రులోని మా ఇంటి అరుగు మీదనే జరిగింది. మొదటిసారి నాన్నగారు చెప్పారు, నేను విన్నాను. రెండోసారి నేను చెప్పాను, మనవరాలు వినలేదు, ఎదురు ప్రశ్న వేసింది. ఈ రెంటికీ ఉన్న తేడా మీతో పంచుకోవాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

జై ఆంధ్ర రోజులు

1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఏమి జరిగిందో మన సంఘ సభ్యులలో పెద్దవారికి నేను చెప్పనక్కరలేదు. విద్యార్థులు ముందు వీధిలోకి వచ్చారు. కళాశాలలు, ఆ వెనుకే ఉన్నత పాఠశాలలు మూతపడ్డాయి. డిసెంబరులో ఎన్.జి.ఓ.లు సమ్మెలోకి దిగారు. అది మూడు నెలలకు పైగా సాగింది. రైళ్ళు ఆగాయి, బస్సులు ఆగాయి. డిసెంబరు 25న కాకాని వెంకటరత్నంగారు కన్నుమూశారు. ఆకునూరు మనకు ఎంత దూరం? ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

నాన్నగారు గుడివాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. సమ్మెలో ఉన్నారు గనుక జీతం లేదు. పచారీ కొట్టులో ఖాతా పెరిగింది. అమ్మ చేతి గాజులు తాకట్టుకు వెళ్ళాయి. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళం పనిలేక కూర్చున్నాం, ఆఫీసు లేని నాన్న, బడి లేని కొడుకు. "ఊరికే వీధులు పట్టుకుని తిరగకు, సాంఘికశాస్త్రం పుస్తకం తీసుకురా" అన్నారు ఒకరోజు. పుస్తకంలో మొగలాయిల పాఠం తీశాను. నాన్నగారు నాలుగు పేజీలు తిప్పి మూసేశారు. "ఢిల్లీ సంగతి తర్వాత చూద్దాం. ముందు మన గడప దాటి చూద్దాం" అన్నారు.

గడప దాటిన పాఠం

మొదటి పాఠం కాలువ గట్టు మీద. ఈ నీళ్ళు ఎక్కడివి అని అడిగారు. కృష్ణవి అన్నాను. కృష్ణ ఎప్పటినుంచో ఉంది కదా, కాలువ ఎప్పటినుంచి ఉంది అన్నారు. నాకు తెలియదు. కాలువలు కూడా దేవుడే తవ్వాడనుకునే వయస్సు. అప్పుడు చెప్పారు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువులో, ఏటికి అవతల గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల దాకా చనిపోయారని ఆనాటి లెక్కలు. పక్కనే కృష్ణ పారుతుండగా జనం తిండి లేక చనిపోయారు. నీరు లేక కాదు, నీటిని పొలానికి మళ్ళించే ఏర్పాటు లేక. ఇరవై ఏళ్ళ తర్వాత, ఆర్థర్ కాటన్ సలహా మీద, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టారు. 1855లో పూర్తయింది. ఆ ఆనకట్టే 1952లో తెగితే, దానికి బదులు ప్రకాశం బ్యారేజీ 1957లో తయారైంది. ఇప్పుడు మనం చూస్తున్న వరిచేను వెనుక ఒక కరువు, ఒక ఆనకట్ట, ఒక గండి, ఒక బ్యారేజీ ఉన్నాయన్నమాట.

రెండో పాఠానికి ఇద్దరం సైకిలు మీద ఘంటసాల వెళ్ళాం. బస్సులు లేవు కదా! నాన్నగారు తొక్కారు, నేను వెనుక కూర్చున్నాను. అక్కడి దిబ్బ, పాలరాతి ముక్కలు చూపించి, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ రచయిత టాలమీ కృష్ణా ముఖద్వార ప్రాంతంలో 'కంటకోస్సిల' అనే రేవును పేర్కొన్నాడనీ, ప్రాకృత శాసనాలలో 'కంటకసెల' అన్న పేరు కనిపిస్తుందనీ, పండితులు ఆ రెండూ ఈ ఘంటసాలే అంటారనీ చెప్పారు. సముద్రం ఇప్పుడు అక్కడికి దగ్గరలో లేదు. ఏరు తెచ్చిన మట్టితో నేల పెరిగింది, సముద్రం దూరమైంది. "ఊరు కదలలేదురా, సముద్రమే కదిలింది" అన్నారు.

తిరుగుదారిలో కూచిపూడిలో ఆగాం. ఆ పాఠం నాకు అన్నిటికన్నా ఎక్కువ గుర్తుంది. గోల్కొండ నవాబు తానీషా భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి అగ్రహారం ఇచ్చాడని మనమందరం చిన్నప్పటినుంచి వింటున్నదే. నాన్నగారు అడిగారు: "ఇది ఎవరు చూశారు? ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు?" సిద్ధేంద్రయోగి కథ తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చినది. 1763లో ఆ అగ్రహారాన్ని కుటుంబాల వారీగా పంచిన పత్రం మాత్రం రాతలో ఉన్నది. కథ అబద్ధమని కాదు, పత్రమే సర్వమనీ కాదు. విన్నది విన్నట్టు, చూసినది చూసినట్టు, రాసి ఉన్నది రాసి ఉన్నట్టు వేరువేరుగా పెట్టుకోవాలి. మూడూ కలిపేస్తే అది పురాణం అవుతుంది గాని చరిత్ర కాదు. ఇదీ ఆయన చెప్పిన సూత్రం.

ఇలాగే బందరు పాఠం కూడా జరిగింది. 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ 'గ్లోబ్' బందరు రేవుకు రావటం, అంతకు కొద్ది ఏళ్ళ ముందే డచ్చివారు స్థావరం పెట్టి ఉండటం, 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ముప్పైవేల మంది దాకా కొట్టుకుపోవటం, ఆ దెబ్బతో పట్టణం మళ్ళీ మునుపటి దశకు రాలేకపోవటం చెప్పారు. ఆయన చదివినది ఇంటర్మీడియట్. అయినా ఆ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్న చరిత్ర ఆ తర్వాత డిగ్రీలో కూడా నేర్చుకోలేదంటే అతిశయోక్తి కాదు.

మన చరిత్ర బడిలో లేని రోజులు

ఇంట్లో చరిత్ర చదవటం మన తెలుగువారికి కొత్త కాదని తర్వాత తెలుసుకున్నాను. వందేళ్ళ క్రితం తెలుగు పిల్లవాడు బడిలో ఇంగ్లండు రాజుల వరుస చదివేవాడు. శాతవాహనులెవరో అతనికి చెప్పే పుస్తకమే లేదు. ఆ లోటు తీర్చటానికి 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడింది. అప్పటి మన కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణం. 1910లో ఆ మండలి ద్వారానే చిలుకూరి వీరభద్రరావుగారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం వెలువడింది. వీరభద్రరావుగారికి విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఆయన పుస్తకం కొని ఇంట్లో చదువుకున్న గుమాస్తాలు, కరణాలు, పంతుళ్ళు ఎందరో. మన చరిత్ర ముందు ఇళ్ళల్లోకి వచ్చి, ఆ తర్వాతనే బడుల్లోకి ప్రవేశించింది.

అదే 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. 1921లో సహాయ నిరాకరణ వచ్చినప్పుడు సర్కారు బడులు వదిలిపెట్టిన విద్యార్థులకు ఇటువంటి జాతీయ విద్యాలయాలే దారి చూపాయి. ఆ సంవత్సరమే బెజవాడలో కాంగ్రెసు సమావేశాలు జరిగాయి. మన పక్క ఊరు భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది అప్పుడే. అంటే బడి మానటమూ చదువు మానకపోవటమూ మన ప్రాంతంలో ఒకప్పుడు కలిసి నడిచాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించమని మనవి. విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది హైదరాబాదులో. కొమర్రాజువారు దివానుగా పనిచేసిన మునగాల, చుట్టూ నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లా ఉండగా, మధ్యలో మన కృష్ణా జిల్లాకు చెందిన ముక్క. మండలికి అండగా నిలిచినవారిలో రావిచెట్టు రంగారావుగారు నిజాం రాజ్యంలోనివారు. మన చరిత్రను మొదట మనకు ఇచ్చినవారిలో ఇటువారూ ఉన్నారు, అటువారూ ఉన్నారు. ఈ సంగతి నాన్నగారు నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియటానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

రెండోసారి

2020 మార్చి 19 నుంచి మన రాష్ట్రంలో బడులు మూశారు. మొదట కొద్ది రోజులే అన్నారు. ఆ నెల 25 నుంచి దేశమంతా లాక్‌డౌను. ప్రపంచంలో 190కి పైగా దేశాలలో 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఇళ్ళల్లో ఉండిపోయారని యునెస్కో చెప్పింది. కరోనా మహమ్మారి మనలో ఎందరి ఇళ్ళల్లో దీపాలు ఆర్పిందో ఆ వివరాల్లోకి నేను పోదలచుకోలేదు. నవంబరు 2 నుంచి మన బడులు దశలవారీగా తెరిచారు. 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూశారు. ఆగస్టు 16న తెరిచారు. రెండేళ్ళూ పదో తరగతి పరీక్షలు లేకుండానే పిల్లలను పాస్ చేశారు.

దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. సెల్‌ఫోనులో పాఠాలు వచ్చేవి. మా మనవరాలికి వాళ్ళ నాన్న ఫోను దొరికేది. ఎదురింటి ఆటో డ్రైవరుగారి పిల్లలు ముగ్గురికీ కలిపి ఒకటే ఫోను, అదీ తండ్రి ఇంట్లో ఉన్నప్పుడే. ఆంక్షలు సడలాక ఆ ముగ్గురినీ కూడా సాయంత్రం మా అరుగు మీదకు రమ్మన్నాను. మూతికి మాస్కులు కట్టుకుని, ఎడంగా కూర్చునేవారు. నేను నాన్నగారి పద్ధతిలోనే మొదలుపెట్టాను. కాలువ, ఆనకట్ట, కాటన్ దొర. నేను గడగడ చెప్పుకుపోతుంటే ఎదురింటి చిన్నవాడు, అయిదో తరగతి, చెయ్యెత్తి "తాతగారూ, కాలువ తవ్వింది కాటన్ దొరేనా?" అన్నాడు. కాదురా, ఆయన చెప్పాడు, కూలీలు తవ్వారు అన్నాను. "వాళ్ళ పేర్లు?" అన్నాడు. వాళ్ళ ముత్తాతలు మట్టి పనివాళ్ళు. నా దగ్గర జవాబు లేదు. దొరల పేర్లు దొరికినంత తేలికగా మట్టి మోసినవారి పేర్లు దొరకవు. నాన్నగారు నేర్పిన మూడు ప్రశ్నలలో 'ఎవరు రాశారు' అన్నది ఉంది గాని, 'ఎవరిని రాయలేదు' అన్నది లేదని ఆ రోజు తోచింది.

అసలు దెబ్బ మరి నాలుగు రోజులకు తగిలింది. తాతయ్య చిన్నప్పుడు కూడా బడి మూశారని తెలిసి మనవరాలు ఆ కథ చెప్పమంది. ముల్కీ సంగతి, సమ్మె, తాకట్టు పెట్టిన గాజులు, నాన్నగారి సైకిలు, అన్నీ చెప్పాను. చెబుతున్నప్పుడు నా గొంతు కొంచెం పెరిగింది కూడా. అంతా విని అది అడిగింది: "మరి వాళ్ళు అలా ఎందుకు అడిగారు తాతయ్యా?"

నాకు తెలుసుననుకున్నాను. నోరు తెరిస్తే మాట రాలేదు. హైదరాబాదులో పదేళ్ళు ఉద్యోగం చేశాను. రాష్ట్రం కలవటం నా పుట్టుకకు ముందు, విడిపోవటం నా కళ్ళముందు, 2014 జూన్ 2న. ఇన్నేళ్ళలో 'వాళ్ళు ఎందుకు అడిగారు' అన్న ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు. నాన్నగారూ వేయలేదు. జీతం లేక, గాజులు తాకట్టు పెట్టి కూర్చున్న మనిషి ఆ ప్రశ్న వేసుకోవటం కష్టమే. ఆయనను తప్పు పట్టను. తానీషా అగ్రహారం గురించి మూడు ప్రశ్నలు వేసిన మనిషి, తన సమ్మె గురించి ఒక్కటి కూడా వేయలేదు. అంతే.

నల్గొండ జిల్లాలో ఉంటున్న పాత సహోద్యోగి ఒకాయనకు ఫోను చేశాను. రిటైరైనా పండుగకు పలకరించుకునే స్నేహం మాది. విషయం చెప్పి, మనవరాలికి ఫోను ఇచ్చాను. ఆయన ఓపికగా చెప్పారు. నిజాం కాలంలో వాళ్ళ నాన్నగారు ఉర్దూలో చదువుకున్నారట. 1956 తర్వాత దఫ్తరు భాష మారిపోయింది. ఇంగ్లీషు చదువు ముందుగా అందిన జిల్లాలవారు పరీక్షల్లో ముందుండేవారు. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నియమం 1919 నాటి నిజాం ఫర్మానా. పదిహేనేళ్ళ నివాసం ఉండాలన్నది అందులో షరతు. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఇచ్చిన హామీలు అమలు కాలేదని వారి బాధ. 1969లో అక్కడ ఉద్యమం వచ్చింది. "అప్పుడు మాకూ బడి బంద్ పెట్టిన్రు బిడ్డా. మా నాయన కూడా ఇంట్ల కూసోబెట్టి నాకు చరిత్ర చెప్పిండు. ఆ చరిత్రల దొంగలు మీ తాతోళ్ళు" అని గట్టిగా నవ్వారు. మనవరాలూ నవ్వింది. నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

ఫోను పెట్టేశాక అది నోటుబుక్కులో పేజీ మధ్యకు గీత గీసింది. ఒకవైపు 'మా తాతయ్య చెప్పినది', మరోవైపు 'నల్గొండ తాతగారు చెప్పినది' అని రాసుకుంది. రెండువైపులా 1919, 1956, 1969, 1972 అన్న సంవత్సరాలు ఒకటే. వాటి పక్కన ఉన్న బాధలు వేరు. యాభై ఏళ్ళుగా నా మనస్సులో ఉన్న పేజీకి ఆ గీత లేదు.

పెన్షనరు మిత్రులకు మనవి

ఇంటి దగ్గర చరిత్ర చెప్పటంలో ఒక బలం ఉంది, ఒక లోపం ఉంది. బలం ఏమిటంటే ఇంటి చరిత్ర చేతికి అందుతుంది. కాలువ గట్టు, గుడి, దిబ్బ, తాకట్టు చీటీ, పాత సర్వీసు రిజిస్టరు, ఇవన్నీ పాఠాలే. పుస్తకంలో రెండు వాక్యాలలో పోయే సంగతి, అమ్మ చేతి గాజులతో కలిపి చెబితే జన్మలో మరిచిపోం. లోపం ఏమిటంటే ఇంట్లో ఒకే పక్షం ఉంటుంది. బడిలో అయితే నాలుగు వీధుల పిల్లలు కలుస్తారు, నాలుగు ఇళ్ళ కథలు ఒకదానికొకటి తగులుతాయి. ఇంట్లో తాత చెప్పిందే వేదం. మన పెద్దరికం మీద గౌరవంతో పిల్లలు ఎదురడగరు. కనుక ఇంట్లో చరిత్ర చెప్పేవాడు అవతలి పక్షాన్ని కూడా తానే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాలి. అది న్యాయం కోసం మాత్రమే కాదు. అవతలి పక్షం లేకపోతే మన కథ కూడా మనకు పూర్తిగా అర్థం కాదు.

మన సంఘంలో 1972-73 సమ్మెలో పాల్గొన్నవారు ఇంకా కొందరున్నారు. వారు ఎనభై దాటినవారు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో శవాల మధ్య విధులు నిర్వహించినవారున్నారు. విడిపోయిన రాష్ట్రంలో ఫైళ్ళు పంచినవారున్నారు. మీరు చూసిన సంగతులు మీరు రాయకపోతే మట్టి మోసిన కూలీల పేర్లలాగే అవీ పోతాయి. నాలుగు పేజీల నోటుబుక్కు చాలు. తేదీ వేయండి. చూసినది ఒకచోట, విన్నది ఒకచోట రాయండి. మధ్యలో గీత గీసి, అవతలివారు ఏమనేవారో అది కూడా రాయండి. అవతలివారిలో ఒక స్నేహితుడు ఉంటే ఫోను చేసి అడగండి. మన వయస్సులో ఫోను చేయటానికి ఆలస్యం చేయరాదు.

ఎదురింటి చిన్నవాడు ఇప్పుడు ఉన్నత పాఠశాలలో ఉన్నాడు. బడులు తెరిచి చాలా కాలమైనా, ఆదివారం పూట అప్పుడప్పుడు వచ్చి "తాతగారూ, పేర్లు దొరికాయా?" అని అడుగుతాడు. ఇంకా లేదురా అంటాను. వాళ్ళ ముత్తాతగారి పేరు మాత్రం వాడే ఇంట్లో కనుక్కుని వచ్చి, నా నోటుబుక్కులో రాయించాడు. ఆనకట్ట నాటి మనిషి కాడు, తర్వాతి తరంవాడు, కాలువ పూడికలు తీసినవాడు. అయినా రాశాను. తేదీ వేసి, 'మునిమనవడు చెప్పగా విన్నది' అని పక్కన గుర్తు పెట్టాను.